మా బేస్‌మెంట్‌లో ఆస్ట్రేలియా ఫైటర్

ఆమె మొదటిసారి మా క్లినిక్‌కి వచ్చిన రోజు నా కళ్లు ఆమె నొప్పి అని చూపించిన భుజం మీదకి పోలేదు, చెవి మీదకి పోయాయి. ఎడమ చెవి ముడుచుకుపోయి, మడతలన్నీ పూడిపోయి, చపాతీ పిండి ముద్దలా ఉంది. మిస్సిసాగాలో ఫిజియోథెరపిస్టుగా నా దగ్గరకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది గోదాముల్లో పెట్టెలెత్తి నడుం పట్టేసినవాళ్లు, లేదంటే 401 హైవే మీద కారుని వెనకనుంచి ఎవరో గుద్దితే మెడ బెణికినవాళ్లు. అలాంటి చెవి అంతవరకూ చూడలేదు.

"చెవికి ఏమైంది?" అని అడిగాను.

"ఏమీ కాలేదు. నా ఉద్యోగం అలాంటిది," అంది.

పంజరంలాంటి కంచె లోపల ఇద్దరు మనుషులు గుద్దుకుంటూ, తన్నుకుంటూ, కిందపడి పెనుగులాడే ఆ పోటీల్ని మా ఆయన టీవీలో పెడితే నేను వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. అలాంటి పోటీల్లో దిగే మనిషి నా టేబుల్ మీద బోర్లా పడుకుని, భుజం కింద నా వేళ్లు నొక్కగానే చిన్నపిల్లలా "అమ్మా" అన్నట్టు మూలిగింది. ముప్పై దాటిన మనిషి. ఎండకి కమిలిన మొహం, పొట్టిగా కత్తిరించిన జుట్టు, ఎప్పుడూ నవ్వడానికి సిద్ధంగా ఉండే నోరు.

వారానికి రెండుసార్లు వచ్చేది. వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెంగా తన కథ చెప్పేది. ఆస్ట్రేలియాలో మనుషులకన్నా గొర్రెలెక్కువ ఉండే ఊరు ఆమెది. తండ్రి ఉన్ని కత్తిరించే పనివాడు. బడి మానేసి తనూ ఆ షెడ్లలోకే వెళ్లింది. గింజుకునే గొర్రెని ఒక్క ఊపులో వెల్లకిలా తిప్పి, మోకాళ్ల మధ్య అదిమిపట్టి, దానికి గీత పడకుండా ఉన్ని తియ్యాలి.

"నాకు కుస్తీ నేర్పింది గొర్రెలే. మనుషుల్ని పట్టుకోవడం అంతకన్నా సులువు, మనుషులు తన్నేముందు ఆలోచిస్తారు," అనేది.

ఊళ్లో జూడో నేర్పే మనిషి ఒకాయన ఉంటే అక్కడ చేరింది. తర్వాత పట్నం వెళ్లి గుద్దులూ తన్నులూ నేర్చుకుంది. మొదట్లో వరసగా గెలిచింది. పేపర్లో ఫొటో పడితే తండ్రి దాన్ని షెడ్డు తలుపుకి అంటించాడట. ఆ తర్వాత వరసగా ఓడిపోయింది. పోటీలు నడిపే కంపెనీ ఆమెని వదిలేసింది. ఇంక చాలమ్మా, ఇంటికి రా అని అందరూ అన్నారు. అప్పుడే ఆమె పాత పోటీ ఒకటి వీడియోలో చూసిన ఒక కెనడా కోచ్, నా జిమ్‌కి వస్తే చూద్దాం అన్నాడు. వర్క్ పర్మిట్ మీద వచ్చేసింది. పొద్దున ఎయిర్‌పోర్టు పక్కన గోదాములో పార్సిళ్లు లారీకి ఎక్కించడం, మధ్యాహ్నం నుంచి జిమ్.

భుజం కుదురుకునేదాకా ప్రాక్టీసు ఆపమన్నాను. సరేనని బుద్ధిగా తలూపింది. మళ్లీ వచ్చేసరికి కన్ను కింద నల్లగా కమిలి ఉంది.

"ఆపమన్నాను కదా?"

"చెయ్యి ఆపేశా. కాళ్లతోనే చేశా," అంది, తప్పు నాదే అన్నట్టు చూస్తూ.

ఆ వేసవి చివర మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే విద్యార్థినులు గ్వెల్ఫ్ యూనివర్సిటీలో సీటు వచ్చి వెళ్లిపోయారు. వైద్యం అప్పటికి పూర్తయిపోయింది. ఆమె ఎవరి ఇంట్లోనో సోఫా మీద పడుకుంటోందని తెలిసి, మా కింద గది ఖాళీగా ఉందని చెప్పాను. ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే టీవీ ఆపేసి నా వైపు తిరిగాడు.

"ఫైటరంటున్నావు. ఇంట్లో గొడవలేమీ రావు కదా?"

"గొడవలన్నీ పని దగ్గరే తీర్చేసుకుంటుందట," అన్నాను.

ఆమె రెండు సంచులతో దిగింది. ఒకదాన్నిండా బట్టలు, రెండోదాన్నిండా గ్లోవ్స్.

ఇక్కడ స్థిరపడ్డవాళ్ల తల్లిదండ్రులు ఏళ్లతరబడి ఉండడానికి ఇచ్చే సూపర్ వీసా మీద మా అత్తగారు మా దగ్గరకి వచ్చింది కూడా అప్పుడే. ఆవిడ తెనాలి దగ్గర ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్ టీచరుగా చేసి రిటైరయ్యారు. మెళ్లో ఈల లేకపోయినా ఉన్నట్టే నడుస్తారు. వచ్చిన మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వెనక డెక్ మీదకి వెళ్లి, గడ్డిలో తాడాట ఆడుతున్న ఆ పిల్లని చూశారు. కన్ను కింద మళ్లీ కొత్తగా కమిలి ఉంది. గ్లాసు అక్కడే పెట్టేసి గబగబా లోపలికొచ్చారు.

"ఏమేవ్, ఆ పిల్లని ఎవడో కొట్టాడు. మొగుడా? పోలీసుకి చెప్పావా లేదా?"

"మొగుడు లేడు అత్తయ్యా. ఆ పిల్లే కొట్టించుకుంటుంది. తనూ కొడుతుంది. అది ఆట."

ఆవిడ నన్ను నమ్మలేదు. బయటికి వెళ్లి ఆమె ఎదురుగా నిలబడి, తన కన్నుని వేలితో చూపించి, "హూ?" అని అడిగారు. ఆమె నవ్వి, నా వైపు చూసి, తనని కొట్టినది జిమ్‌లో తన ప్రాణస్నేహితురాలనీ, సాయంత్రం ఇద్దరూ కలిసి సూప్ తాగారనీ చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. అత్తగారు ఆమె భుజాలు, తొడలు, పిక్కలు వరసగా తట్టి చూశారు. సంతలో ఎడ్లని చూసినట్టు చూస్తున్నారేమిటా అని నాకు సిగ్గేసింది.

"మంచి పిక్కలు. మా స్కూల్లో ఉంటే కబడ్డీలో జిల్లాకి ఆడించేదాన్ని," అన్నారు.

కబడ్డీ అంటే ఏమిటని ఆమె అడిగింది. అడక్కుండా ఉండాల్సింది. ఆ పూట నేను క్లినిక్‌కి ఆలస్యంగా వెళ్లాను, ఎందుకంటే మా అత్తగారు గడ్డి మీద సున్నం బదులు మైదాపిండితో గీత గీసి, చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, కూతకి వెళ్లడం ఎలాగో చూపించారు. అవతలి పక్క నేను ఒక్కదాన్నే జట్టు. ఆస్ట్రేలియా పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత తనూ కూతకి వచ్చింది. నన్ను తాకి, నేను చెయ్యి చాపేలోపే గీత అవతల ఉంది. తాకినట్టు తెలిసింది గానీ ఎప్పుడు తాకిందో తెలియలేదు.

అప్పటినుంచి వాళ్లిద్దరూ ఒక జట్టు. అత్తగారిని "టీచర్‌గారూ" అని పిలవడం నేర్చుకుంది. గారు అన్న మాటని సాగదీసి, చివర ప్రశ్న అడిగినట్టు పలికేది. నన్ను "అక్కా" అనేది. ఆమె పోటీకి బరువు తగ్గాలి, ఒంట్లో బలం తగ్గకూడదు. ఉప్పులేని కోడిమాంసం ముక్కలు, ఉడికించిన బ్రోకలీ డబ్బాలో పెట్టుకుని తినేది. అది చూసి అత్తగారు ఊరుకోలేకపోయారు. జొన్నరొట్టె, పెసరట్టు, నూనె తక్కువ వేసిన గోంగూర పప్పు చేసి కిందకి పంపేవారు. ఆమె ఒక్కొక్కటీ తక్కెడలో తూచుకుని తినేది. ఉలవచారు తాగిన రోజు మాత్రం తూచకుండా తాగేసి, గిన్నె తిరగేసి చూసింది.

ఒక శనివారం జిమ్ చూస్తానని అత్తగారు పట్టుబట్టారు. టైర్ల షాపు వెనక పాత ఫ్యాక్టరీ షెడ్డు అది. చెమట వాసన, చాపలు, మధ్యలో ఇనప కంచె. కోచ్ నున్నటి గుండుతో, మెల్లగా మాట్లాడే పెద్దమనిషి. మాకు కుర్చీలు వేయించాడు. ఆమె ఇంకో అమ్మాయితో ప్రాక్టీసు పోటీ చేస్తోంది. నేను సగం కళ్లు మూసుకుని చూశాను. అత్తగారు కుర్చీ అంచుకి జరిగి, రెప్ప వెయ్యకుండా చూశారు.

"ఆ పిల్ల కాలు పట్టుకోబోయే ముందు ఆ కాలినే చూస్తోంది. అవతలిదానికి ముందే తెలిసిపోతోంది. చెప్పు ఆయనకి," అన్నారు నాతో.

చెప్పాను. కోచ్ తల వెనక్కి వాల్చి నవ్వాడు.

"వచ్చినప్పటినుంచీ నేను అదే చెబుతున్నా. మీరూ చెప్పండి. ఇద్దరం చెబితే వింటుందేమో."

విన్నది. పెరట్లో అత్తగారు ఎదురుగా నిలబడి, "నా మొహం చూడు, మొహం," అంటూ కాళ్లు అటూ ఇటూ కదిపేవారు. ఆమె అత్తగారి మొహం చూస్తూనే కిందకి వంగి పాదం తాకి వెనక్కి వెళ్లేది. మా పక్కింటివాళ్లు కంచె మీదనుంచి తొంగి చూసి, కాసేపటికి వాళ్లూ కుర్చీలు తెచ్చుకున్నారు.

చలికాలంలో కెనడా పశ్చిమాన ఉన్న రెజైనాలో పోటీ కుదిరింది. గెలిస్తే పెద్ద కంపెనీ వాళ్లు మళ్లీ పిలుస్తారు. ఓడితే ఇంకెవరూ పిలవరు. ఎదుటి అమ్మాయి ఎవరో తెలిసి కోచ్ దిగులుపడ్డాడు. ఆమె ఒకప్పుడు ఈ జిమ్‌లోనే నేర్చుకుని పశ్చిమానికి వెళ్లిన శిష్యురాలు. పోటీ జరుగుతున్నప్పుడు కంచె బయటనుంచి కోచ్ అరిచే సంకేతాలన్నీ ఆమెకి కంఠతా వచ్చు. మాట మార్చాలి, కొత్తవి నేర్పాలి.

ఆ సంగతి ఆమె మా భోజనాల బల్ల దగ్గర చెబుతుంటే, అత్తగారు మజ్జిగ పోసుకుంటూ అన్నారు, "తెలుగులో అరవమనండి. ఆ ఎదుటి పిల్ల నాయనమ్మకి కూడా అర్థం కాదు."

నవ్వుకున్నాం. మర్నాడు కోచ్ నిజంగానే ఫోన్ చేశాడు. చిన్న మాటలు కావాలి, మూడు అక్షరాలు దాటకూడదు అన్నాడు. అత్తగారు కబడ్డీ కోర్టులో జీవితమంతా అరిచిన మాటలు ఇచ్చారు. వంగు, తిరుగు, లే, పట్టు. కోచ్ ఆ చివరి మాటని 'పాటూ' అనేవాడు. అత్తగారు దిద్దీ దిద్దీ విసిగిపోయారు. చివరికి కోచే తేల్చాడు, పోటీ రోజు కంచె పక్క మూలలో తనతో పాటు నేనూ ఉండాలని. ఎలాగూ ఫిజియో కావాలి, అరవడానికి నోరూ ఉంటుందన్నాడు.

"నాకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి," అన్నాను.

"రక్తం చూడకు. ఆమె కాళ్లు చూడు," అన్నాడు.

రెజైనాలో విమానం దిగి బయటికి రాగానే ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టాయి. మిస్సిసాగా చలిని తిట్టుకున్నందుకు మనసులో దానికి క్షమాపణ చెప్పుకున్నాను. అత్తగారు కోటు మీద శాలువా, శాలువా మీద మా ఆయన పాత జాకెట్ వేసుకుని, కళ్లు మాత్రం బయటపెట్టి వచ్చారు. రావద్దంటే వినలేదు.

బరువు తూచే ముందు రోజు కష్టంగా గడిచింది. ఆమె వేడినీళ్ల తొట్టిలో కూర్చుంటుంది, బయటికి వస్తుంది, తువాళ్లు చుట్టుకుని చెమట పట్టిస్తుంది, మళ్లీ తూచుకుంటుంది. గుక్కెడు నీళ్లు తాగడానికి లేదు. పెదాలు పగిలాయి. ఎప్పుడూ నవ్వే మనిషి గోడకేసి చూస్తూ కూర్చుంది. అత్తగారు ఆమె అరికాళ్లు ఒళ్లో పెట్టుకుని మెల్లగా రాస్తూ, తన స్కూలు పిల్లల గురించి తెలుగులోనే ఏదో చెప్పుకుంటూ పోయారు. ఆమెకి ఒక్క ముక్క అర్థం కాలేదు. తర్వాత నాతో అంది, "ఆ గొంతు వింటూ ఉంటే ఇంట్లో ఉన్నట్టుంది అక్కా." మర్నాడు బరువు సరిపోయింది. మొదటి గుక్క నీళ్లు మింగి ఆమె కళ్లు మూసుకున్న తీరు చూసి, నాకూ గొంతు తడిసినట్టయింది.

పోటీ సాయంత్రం హాలు నిండింది. పోటీలని పర్యవేక్షించే కమిషన్ వాళ్లు నా మెళ్లో ఒక కార్డు వేశారు. చేతిలో ఐసు సంచి. కంచె పక్కన నిలబడితే పాదాల చప్పుడు, ఊపిరి, గ్లోవ్ తగిలిన శబ్దం, అన్నీ టీవీలో కన్నా చాలా దగ్గరగా ఉన్నాయి.

మొదటి రౌండు పోయింది. ఎదుటి అమ్మాయి పొడుగరి. దూరంనుంచే గుద్దులు తగిలిస్తోంది. మా పిల్ల దగ్గరికి వెళ్లలేకపోయింది. నేను "తిరుగు, తిరుగు" అని అరిచాను. నా గొంతు నాకే వినిపించలేదు. విరామంలో మెడ మీద ఐసు పెడుతుంటే చేతులు వణికాయి. ఆమె పైకి చూసి, "బాగానే ఉన్నా అక్కా, వణక్కు," అంది. ఓదార్చడానికి వెళ్లినది నేను, ఓదార్చింది తను.

రెండో రౌండులో మా పిల్ల ఒకసారి కింద పడేసింది గానీ ఆ అమ్మాయి వెంటనే లేచి నిలబడింది. అప్పుడు వెనకనుంచి నాకు బాగా తెలిసిన గొంతు వినిపించింది. మా అత్తగారు సీట్లోంచి లేచి నిలబడ్డారు. ఊరి గ్రౌండులో ఆ చివరనుంచి ఈ చివరికి వినిపించేలా ఏళ్లతరబడి అరిచిన గొంతు అది.

"పట్టు. పట్టవే. మొహం చూసి పట్టు."

ఆవిడ వెనక వరసలో యూనివర్సిటీ కుర్రాళ్లు, అమ్మాయిలు కొందరు ఉన్నారు. నలుగురైదుగురు ఉలిక్కిపడి చూశారు. ఒకమ్మాయి ముందుకి వంగింది.

"ఆంటీ, మీరు తెలుగోళ్లా? గామెకు తెలుగొస్తదా?"

"వస్తుందమ్మా. నేనే నేర్పా. అరవండి."

వరంగల్, కరీంనగర్, కర్నూలు, భీమవరం, ఎక్కడెక్కడినుంచో వచ్చి ఆ గడ్డకట్టిన ఊళ్లో చదువుకుంటున్న పిల్లలు. తెలుగులో గొంతెత్తి అరిచే అవకాశం వాళ్లకి ఎన్నాళ్లకి వచ్చిందో. మూడో రౌండు మొదలయ్యేసరికి ఆ వైపంతా లేచి నిలబడి "పట్టు, పట్టు" అంటోంది. వాళ్ల పక్కన కూర్చున్న తెల్లవాళ్లు, అదేదో ఈ ఫైటర్ బిరుదు అనుకుని, వాళ్లూ అందుకున్నారు. కోచ్ నెత్తి పట్టుకున్నాడు. సంకేతం రహస్యంగా ఉండాలన్నది మా ఉద్దేశం. ఇప్పుడు హాలంతా అదే అరుస్తోంది. మేం ఎప్పుడు ఏం చెప్పినా ఆమెకి వినపడే దారి లేదు.

ఆమె వినడం మానేసింది. కళ్లు ఎదుటి అమ్మాయి మొహం మీద నిలిపింది. మొహం చూస్తూనే, కాళ్ల వైపు చూపు పోకుండా, ఒక్కసారి కిందకి జారి రెండు కాళ్లూ కలిపి ఎత్తేసింది. చాప అదిరింది. ఆ అమ్మాయి పక్కకి తిరిగేలోపు వీపు మీదకి ఎక్కి, మెడ కింద చెయ్యి దూర్చింది. నేను నా పని మర్చిపోయి ఐసు సంచి గుండెకి హత్తుకున్నాను. ఆ అమ్మాయి చెయ్యి రెండుసార్లు తట్టింది. అంటే ఓటమి ఒప్పుకున్నట్టు. రిఫరీ విడదీశాడు.

గెలవగానే ఆమె చేసిన మొదటి పని, ఓడిన అమ్మాయి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి అందుతోందా అని అడగడం. తర్వాతే చేతులెత్తింది. మైకు పట్టుకున్న మనిషి, జనం అరిచిన ఆ మాట ఏమిటని అడిగాడు.

"పట్టుకో అని. ఇంతమంది చెబితే పట్టుకోకుండా ఎలా ఉంటాను?" అంది.

బయటికి వచ్చాక ఆ విద్యార్థులు చుట్టుముట్టారు. ఫొటోలన్నీ ఆమెతో సగం, మా అత్తగారితో సగం. అందరం కలిసి ఒక పిజ్జా షాపు నింపేశాం. ఆమె ఒక్కతే ఎంత తిన్నదో చెబితే నమ్మరు. వరంగల్ పిల్ల ఒకతి ఆమె పక్కన కూర్చుని, పొద్దున ల్యాబ్, సాయంత్రం కాఫీషాపులో పని, ఇంటికి ఫోన్ చేస్తే అంతా బాగుందని చెప్పడం అని చెప్పుకుపోతోంది. ఆమె తింటున్నది ఆపి, మొత్తం విని, "నేనూ మా నాన్నకి అలాగే చెప్పేదాన్ని. ఈరోజు మాత్రం నిజమే చెబుతా," అని అక్కడే ఫోన్ తీసి వీడియో కాల్ చేసింది. షెడ్డులో పనిలో ఉన్న తండ్రి ఫోన్ ఎత్తాడు. కూతురి వాచిన మొహం చూసి ఫోన్‌ని కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు. ఫోన్ చుట్టూ తెలుగు పిల్లలందరూ గుమిగూడి ఆయనకి చేతులూపారు. వెనకనుంచి గొర్రెలు అరుస్తున్నాయి.

పెద్ద కంపెనీ పిలిచింది. ఆ తర్వాత కొన్నేళ్లు ఆమె ఎన్నో ఊళ్లలో పోటీ చేసింది. తన దేశంలోనూ ఒకసారి గెలిచింది. ఆ రోజు మేం పొద్దున్నే లేచి టీవీ ముందు ఉప్మా తింటూ చూశాం. నేను వంటింట్లోకి పారిపోలేదు. ఛాంపియన్ మాత్రం కాలేదు. బెల్టు కోసం జరిగిన పోటీలో చివరిదాకా నిలబడి, జడ్జీల లెక్కలో ఓడిపోయింది. ఆ ఓటమికి బాధపడుతుందనుకున్నాను. "నన్ను ఓడించడానికి ఆమె ఎంత కష్టపడిందో చూశావా అక్కా?" అని గర్వంగా అడిగింది.

భుజం మళ్లీ మొండికేసినప్పుడు స్కాన్ నేను రెండుసార్లు చూశాను. ఎలా చెప్పాలా అని వెతుక్కుంటున్నాను. ఆమే అంది, "నాకూ తెలుసు. ఇంకొక్కటి చేసి ఆపేస్తా." చివరి పోటీ గెలిచి, గ్లోవ్స్ విప్పి చాప మధ్యలో వదిలేసింది. ఆటనుంచి తప్పుకునేవాళ్లు అలా చేస్తారట. మేం ఏడుస్తుంటే, మమ్మల్ని చూసి నవ్వింది.

ఇప్పుడు ఆమె గ్వెల్ఫ్‌లో ఉంటుంది. మూతపడిన ఒక కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలో జిమ్ పెట్టింది. యూనివర్సిటీ అమ్మాయిలు, నర్సులు, కారు భాగాల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లు వస్తారు. ఆదివారాలు మా అత్తగారు అక్కడ కబడ్డీ నేర్పుతారు. ఆవిడ పర్మనెంట్ రెసిడెన్సీకి మేం అప్లై చేస్తే, వృత్తి అన్నచోట 'కోచ్' అని రాయమని పట్టుబట్టి కూర్చున్నారు.

పోయిన నెల ఆవిడని దింపడానికి వెళ్లి, ఊరికే గోడ పక్కన నిలబడ్డాను. ఆమె వచ్చి నా చేతికి ఒక జత బట్టలిచ్చింది.

"ఎన్నేళ్లు చూస్తావు అక్కా? దిగు."

యాభై దాటాయి, మోకాళ్లు నొప్పి అన్నాను. నా మోకాళ్లు నేనే బాగుచేసుకోగలనని గుర్తుచేసింది. దిగాను. నా జోడీగా పళ్ల డాక్టరు ఒకావిడ, నా వయసే. ఇద్దరం ఒకరి భుజాలు ఒకరం పట్టుకుని, ముందు మీరంటే ముందు మీరని మర్యాద చేసుకుంటూ చాలాసేపు గుండ్రంగా తిరిగాం. ఉన్నట్టుండి ఆవిడ కాలు జారింది. నేను తోశానో, తనే పడిందో తెలియదు. ఇద్దరం కలిసి చాప మీద పడ్డాం. పైకప్పు చాలా ఎత్తులో కనిపించింది. నా కింద ఆవిడ నవ్వుతోంది, ఆ నవ్వుకి నా పొట్ట కదులుతోంది. లేవడానికి నాకు తొందరేమీ అనిపించలేదు.